ఆరుబయట నిప్పు : అనుమతి పత్రం వెనుక ఉన్న సంగతులు

సొంత స్థలంలో సొంత చెత్తను తగులబెట్టుకోవడానికి కూడా అనుమతి కావాలా అని మన పెద్దలలో కొందరు ఇప్పటికీ ఆశ్చర్యపడుతూ ఉంటారు. ఆ ఆశ్చర్యానికి కారణం లేకపోలేదు. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి దర్బన్ రేవు చేరిన నాటినుండి 1911 వరకు ఈ నేలకు కూలి ఒప్పందం మీద వచ్చినవారు లక్షా యాభై రెండు వేలకు పైచిలుకు. వారిలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు చాలమంది. వచ్చినది చెరకు తోటలకు. చెరకు తోటకూ నిప్పుకూ ఉన్న సంబంధం అందరికీ తెలిసినదే. ఒప్పందం తీరిన తరువాత టోంగాట్, స్టాంగర్, వెరులం, ఉమ్జింటో ప్రాంతాలలో నాలుగైదు ఎకరాలు కొనుక్కొనో కౌలుకు తీసుకొనో చెరకు, కూరగాయలు పండించుకొన్న కుటుంబాలకు పొదలు నరికి కాల్చడం నిత్యకృత్యం. నిప్పంటే వారికి భయం లేదు. అదొక పనిముట్టు.

ఆ కుటుంబాల బిడ్డలు నేడు చాలవరకు చాట్స్‌వర్త్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉంటున్నారు. కొందరికి మాత్రం ఇంకా భూమి ఉన్నది. ఇంకా కొందరికి పెరడు ఉన్నది, పెరడు వెనుక ఎవరిదో తెలియని గడ్డి బీడు ఉన్నది. దేవాలయాల కమిటీలకు ఆవరణలు ఉన్నవి. వీరందరికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. అక్కడక్కడ సెక్షన్ల సంఖ్యలు కూడా ఇస్తున్నాము. విసుగనుకోవద్దు. ఆఫీసులో కిటికీ దగ్గర నిలబడి అడిగేటప్పుడు సంఖ్య చెప్పి అడిగినవారికి జవాబు తొందరగా వస్తుందని మా అనుభవం.

ముందుగా కాలం సంగతి. మన పంచాంగం ఆంధ్రదేశపు ఎండావానలను బట్టి ఏర్పడినది. అక్కడ నిప్పుకు భయపడే రోజులు చైత్ర వైశాఖాలు, రోళ్ళు పగిలే రోహిణీ కార్తె. తాటాకు ఇళ్ళు వరుసగా అంటుకొనేది ఆ రోజుల్లోనే. పుష్యమాసపు చలిలో భోగి మంట వేసుకోవడం హాయి. ‘చలి రోజుల్లో నిప్పు వల్ల ముప్పు తక్కువ’ అనే భావం మన రక్తంలోనే ఉన్నదనవచ్చును. నేటాల్‌లో ఈ లెక్క పూర్తిగా తలక్రిందులు. ఇక్కడ వానలు వేసవిలో, అనగా అక్టోబరు నుండి మార్చి దాకా. జూన్, జూలై, ఆగస్టు నెలలలో చలీ, కరవూ కలిసి ఉంటవి. లోతట్టున మంచుపడి గడ్డి చచ్చి, ఎండి, కాగితంలా తయారవుతుంది. పంచాంగంలో రోహిణీ కార్తె నడిచే మే చివరి రోజులకు ఇక్కడ చలికాలమూ, దానితోపాటు నిప్పుకాలమూ మొదలవుతున్నవి. ఉదయం చలికి వణుకుతూ లేచి, ‘ఈ చలిలో చెత్త తగులబెట్టితే ఏమౌతుందిలే’ అనుకొనేవాడు సరిగ్గా తప్పు నెలలోనే అగ్గిపుల్ల గీస్తున్నాడు.

ఆ నెలలలోనే బెర్గ్ గాలి వీస్తుంది. దీనిని మనవాళ్ళు కొండగాలి అంటారు. లోపలి పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 1,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ద్రాకెన్స్‌బర్గ్ శిఖరాలు మూడు వేల మీటర్లు దాటుతవి. ఆ ఎత్తునుండి గాలి తీరానికి దిగేటప్పుడు నొక్కుకొని వేడెక్కుతుంది. ఆరుతూ దిగే గాలి ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుందని శాస్త్రం. అందుచేతనే నడి చలికాలంలో ఒకరోజు హఠాత్తుగా 30 డిగ్రీలు దాటిన ఎండ, పెదవులు పగిలే పొడిగాలి వస్తవి. పిల్లలు స్వెట్టర్లు విప్పేసి ఆడుకొంటారు. ఆ రోజు చాల అందంగా ఉంటుంది. దానంత ప్రమాదమైన రోజు సంవత్సరంలో మరొకటి లేదు.

అసలు మోసం బెర్గ్ గాలి చివరన ఉన్నది. అది సాధారణంగా చలిగాలి వాలు రాబోయే ముందు వీస్తుంది. వాలు రాగానే గాలి ఒక్కసారిగా దిక్కు మార్చి నైరుతి నుండి కొడుతుంది. ఈ మార్పుకు నిమిషాలు చాలు. అప్పటివరకు నిప్పు సన్నని మొనలాగా ఒక దిక్కుకు పరుగెత్తుతూ ఉంటుంది. దాని ప్రక్కలు పొడవుగా ఉన్నా నెమ్మదిగా కాలుతవి, మనుషులు ఆ ప్రక్కన నిలబడి ఆర్పుతూ ఉంటారు. గాలి తిరగగానే ఆ పొడవైన ప్రక్క మొత్తం మొన అయిపోతుంది. వంద మీటర్ల ముఖం ఉన్న నిప్పు కిలోమీటరు ముఖంతో, అంతవరకు క్షేమమనుకొన్న వైపుకు వస్తుంది. ‘అగ్నికి వాయువు తోడైనట్లు’ అన్న మాటను మనవాళ్ళు స్నేహానికి వాడతారు గాని, ఇక్కడ దాని అర్థం వేరు. 2007 జూలై చివరలో ఈ రాష్ట్రంలోనూ పొరుగున ఉన్న ఉమ్పుమలాంగలోనూ కలప తోటలు వేల హెక్టార్లు బూడిదైనవి. 2017 జూన్ 7న దక్షిణ కేప్‌లోని నైస్నా పట్టణంలో వందల ఇళ్ళు కాలిపోయినవి. రెండూ చలికాలపు సంగతులే అని పాఠకులు గమనించగలరు.

ఇక అనుమతి మాటకు వద్దాము. అనుమతి అంటే ప్రభుత్వం మన స్థలం మీద పెత్తనం చేయడం అని చాలమంది అనుకొంటారు. అందులో కొంత చరిత్ర భారం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. ఎక్కడ నివసించాలో, ఏ భూమి కొనాలో కూడా కాగితం చూపి చెప్పిన రోజులు చూసిన వారికి మరొక కాగితం అంటే ఒళ్ళు మండడం సహజం. కాని ఈ కాగితం స్వభావం వేరు. ఇందులో అడిగేవి నాలుగే సంగతులు : ఎక్కడ, ఎప్పుడు, ఏది, ఎవరి సాయంతో. ఇచ్చేవారు పట్టణ పరిధిలో మునిసిపాలిటీ అగ్నిమాపక శాఖవారు. పల్లెలలో అయితే ఆ ప్రాంతపు అగ్ని రక్షణ సంఘం ఉంటే దానితో కూడా మాట్లాడుకోవాలి. మునిసిపల్ ఉపనియమాలు ఊరికొక రకంగా ఉంటవి కనుక, పక్క ఊరిలో బావగారు కాల్చుకొన్నారు గదా అని మనమూ కాల్చరాదు. ఏ ఊరికి ఆ ఊరి ఫైర్ స్టేషన్‌లో అడగడమే పద్ధతి.

అనుమతి చేతిలో ఉన్నా దానిమీద ఉన్న తేదీ ఒక్కటే చాలదు. ఆనాటి అగ్ని ప్రమాద సూచిక చూడాలి. వేడి, తేమ, గాలి, వాన పడి ఎన్నాళ్ళయినది అనే వాటిని లెక్కగట్టి ప్రతిరోజూ అయిదు రంగులలో చెబుతారు. నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు. నీలమూ ఆకుపచ్చా వచ్చిన రోజులు పని చేసుకొనే రోజులు. పసుపు వచ్చినదంటే అనుభవం ఉన్నవారు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. నారింజ రంగు వచ్చిన రోజున అగ్గిపెట్టె ఇంట్లోనే ఉండనివ్వాలని మా మాట. 1998 సంవత్సరపు 101వ చట్టం, దానినే జాతీయ వెల్డ్, అటవీ అగ్ని చట్టం అంటారు, అందులో పదవ సెక్షన్ ప్రకారం ప్రమాదం హెచ్చుగా ఉన్నదని హెచ్చరిక ప్రకటించిన ప్రాంతంలో ఆరుబయట నిప్పు వెలిగించడం నేరం. పోయిన వారం తీసుకొన్న అనుమతి ఉన్నది గదా అంటే ఆ రోజున అది చెల్లదు. కూలీలను పిలిచాము, ట్రాక్టరు అద్దెకు తెచ్చాము, ఈ రోజు కాకపోతే డబ్బు దండుగ అనే బాధ నిజమే. ఆ దండుగ ఎంతో ముందే తెలుస్తుంది. దాటిపోయిన నిప్పు ఖరీదు ముందుగా ఎవరికీ తెలియదు.

ఆ ఖరీదు గురించే ఇప్పుడు చెప్పబోతున్నాము. ఈ వ్యాసంలో మరేదీ చదవకపోయినా ఈ భాగం చదవవలసినదని కోరుతున్నాము. సాధారణంగా ఒకడు మరొకని మీద నష్టపరిహారం దావా వేస్తే, ఎదుటివాని అజాగ్రత్తను దావా వేసినవాడే రుజువు చేయాలి. గడ్డి, అడవి నిప్పుల విషయంలో మన చట్టం ఈ బరువును తిరగవేసినది. 34వ సెక్షన్ ప్రకారం, నిప్పు మన వల్ల పుట్టినా, మన భూమిలో మొదలైనా, మన భూమి నుండి అవతలికి ప్రాకినా, మనం అజాగ్రత్తగా ఉన్నామనే కోర్టు మొదట అనుకొంటుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం మనది. దీనికి ఒక్క మినహాయింపు ఉన్నది. ఆ ప్రాంతపు అగ్ని రక్షణ సంఘంలో మనం సభ్యులమై ఉంటే ఈ ఊహ మనకు వర్తించదు. అప్పుడు రుజువు బరువు మామూలుగా దావా వేసినవాని మీదనే ఉంటుంది.

ఒక ఉదాహరణ అనుకొందాము. ఉమ్జింటో దగ్గర ఒక విధవరాలికి ఆరు ఎకరాల చెరకు ఉన్నది. కొడుకులు జొహానెస్‌బర్గ్‌లో ఉద్యోగం. పనివాడు ఆమె చెప్పకుండానే గట్టు మీద గడ్డికి నిప్పు పెట్టి మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినాడు. గాలి లేచి నిప్పు పొరుగున ఉన్న యూకలిప్టస్ తోటలో పడినది. తోట కంపెనీవారు దావా వేస్తారు. ‘నేను ఇంట్లో ఉన్నాను, నాకు తెలియదు’ అనే జవాబు ఆ తల్లికి పనికిరాదు. నిప్పు ఆమె భూమి నుండి వచ్చినదని వారు చూపితే చాలు, మిగిలినదంతా ఆమె చూపవలసినది. ఫైర్‌బ్రేక్ ఉన్నదా, పనివానికి ముందుగా ఏమని చెప్పినారు, నీళ్ళు ఎక్కడ ఉన్నవి, నిప్పు చూసిన వెంటనే పొరుగువారికి కబురు వెళ్ళినదా. కాగితం మీద ఏదీ లేకపోతే నాలుగు తరాల వారు చెమటోడ్చి నిలబెట్టిన ఆరు ఎకరాలు ఆ ఒక్క మధ్యాహ్నంలో పోవచ్చును. సంఘ సభ్యత్వానికి రుసుము ఉన్నదని వెనకాడే చిన్న రైతులు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

నేరం వేరు, నష్టపరిహారం వేరు అని కూడా తెలియవలసి ఉన్నది. 25వ సెక్షన్‌లో కొన్ని పనులను నేరాలుగా చెప్పినారు. వెలిగించిన నిప్పు ఆరకముందే వదలి వెళ్ళడం ఒకటి. మండుతున్న అగ్గిపుల్లనో సిగరెట్టునో నిప్పంటుకొనే చోట పారవేయడం మరొకటి. నిప్పు వ్యాపించి మనిషికో ఆస్తికో నష్టం చేస్తే, భూమి యజమాని ఒప్పుకొన్న తరువాతనే వెలిగించినా తప్పించుకొనే దారి లేదు. వీటికి జుల్మానాతోపాటు జైలు కూడా పడవచ్చును.

ఫైర్‌బ్రేక్ అన్న మాట వచ్చినది. నిప్పు దాటకుండా గడ్డి, పొద తీసివేసి ఉంచిన బాట అది. గడ్డి నేలల మీద నిప్పు పుట్టగలిగిన, లేక నిప్పు దాటిపోగలిగిన భూమి ఉన్న ప్రతి యజమానీ తన హద్దు లోపల దానిని ఉంచాలని 12వ సెక్షన్. ఎన్ని మీటర్లు అని అందరూ మొదట అడుగుతారు. చట్టంలో మీటర్ల లెక్క లేదు. నిప్పును ఆపగలదని సమంజసంగా అనిపించేటంత వెడల్పు, పొడవు ఉండాలి, నేల కోసుకొని పోరాదు, కాలే వస్తువు దానిమీద ఉండరాదు, అని 13వ సెక్షన్ చెప్పి ఊరుకొన్నది. వాలు నేల మీద నిప్పు ఎగువకు తొందరగా ప్రాకుతుంది కనుక ఎగువ హద్దున బాట ఇంకా వెడల్పుగా ఉండాలి. చదునుగా ఉన్న కూరగాయల మడి ప్రక్కన అంత అక్కర ఉండకపోవచ్చును. చుట్టు ప్రక్కల చిరకాలంగా ఉన్న రైతులు ఎంత ఉంచుతున్నారో చూసి, సంఘంవారి సలహా తీసుకోవడం మేలు.

ఆ బాటనే కాల్చి తయారుచేయదలచుకొంటే పొరుగువారితో కలిసి తేదీ కుదుర్చుకోవాలి. కుదరకపోతే కనీసం 14 రోజులు ముందుగా పొరుగువారికీ, సంఘానికీ వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ రోజున పొరుగువారు గాని వారి మనిషి గాని హద్దు మీద ఉండి, తమ వైపు కూడా అదే సమయంలో కాల్చుకోవాలని చట్టం ఉద్దేశ్యం. అయితే సంఘం వద్దన్నా, ప్రమాద హెచ్చరిక వచ్చినా, వాతావరణం అనుకూలంగా లేకపోయినా, ఇన్ని చేసిన తరువాత కూడా కాల్చరాదు. మనవాళ్ళలో హద్దు తగాదాలు కొత్తవి కావు. రెండు ఇళ్ళ వాళ్ళు పెళ్ళి పిలుపులు మానుకొని పదేళ్ళయిన చోట్లు ఉన్నవి. చట్టం వారిని స్నేహం చేయమనడం లేదు. ఒక చీటీ వ్రాసి పంపమంటున్నది. పొరుగువారు జూలూ భాష మాట్లాడే రైతులైతే ఆ చీటీ జూలూలోనే వ్రాయించడం మర్యాద, ప్రయోజనం కూడా. నకలు ఒకటి, ఇచ్చిన తేదీతో సహా, పెట్టెలో ఉంచుకోవాలి. రేపు కోర్టులో మాట్లాడేది ఆ నకలే.

పట్టణాలలో ఉన్నవారికి చట్టం సంగతి కొంత వేరుగా కనబడుతుంది గాని ఇబ్బంది తక్కువేమీ కాదు. పెరటిలో కొమ్మలు, ఆకులు కాల్చాలంటే చాల మునిసిపాలిటీలలో ముందుగా వ్రాతపూర్వక అనుమతి కావాలి. తోట చెత్తను తీసుకొనే ఏర్పాట్లు ఉన్న చోట అసలు కాల్చే అవసరమే లేదు. పొగ పక్కింటి బట్టల మీద, ఉబ్బసం ఉన్న ముసలాయన గదిలోకి పోతుంది. మనకు తెలిసినదే, మాటకు మాట పెరిగి పోలీసుల దాకా పోయేది దీని గురించే.

కాల్చరానివి కొన్ని ఉన్నవి. వీటి గురించి అనుమతి అడగవలసిన పని కూడా లేదు. ప్లాస్టిక్కు, టైర్లు, రంగు డబ్బాలు, పురుగుమందు సీసాలు, తీగలలోని రాగి కోసం పైతొడుగు కాల్చడం, ఇవన్నీ విషపు పొగ. గన్నేరు కొమ్మ అందమైన పువ్వు పూస్తుంది గాని దాని పొగ పీల్చడం ప్రమాదం. దానిని నరికి కుళ్ళబెట్టడమో చెత్త బండికి ఇవ్వడమో చేయాలి. ఇంకొకటి చాలమందికి తెలియదు. మన కంచెలకు, పందిళ్ళకు వాడే, లేతాకుపచ్చ చాయ ఉన్న యూకలిప్టస్ వాసాలు ఉన్నవి చూడండి, అవి చెదలు పట్టకుండా రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన మందు త్రాగించినవి. ఆర్సెనిక్ అనగా పాషాణం. అటువంటి పాత వాసాన్ని కాల్చితే పాషాణం కొంత పొగలో పోతుంది, ఎక్కువ భాగం బూడిదలో మిగులుతుంది. ఆ బూడిదను మిరప మొక్కలకు చల్లే అలవాటు మనవాళ్ళకు ఉన్నది. ఆ పొగ మీద మాంసం కాల్చుకొనేవారూ ఉన్నారు. ఈ రెండూ వెంటనే మానవలెను.

భోగి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేటాల్‌లో జనవరి వానల కాలం కనుక ఆ మంట వల్ల గడ్డికి భయం తక్కువ. అయినా దేవాలయ ఆవరణలో గాని, సంఘం మైదానంలో గాని వేసేటప్పుడు ఫైర్ స్టేషన్‌కు ముందుగా తెలిపి అనుమతి తీసుకొంటే మంచిది. జొహానెస్‌బర్గ్, లెనేషియా వైపు కూడా జనవరిలో వానలే. కాని ఉద్యోగరీత్యా కేప్‌టౌన్ చేరిన మన కుటుంబాలు ఈ లెక్క మార్చుకోవాలి. అక్కడ వానలు చలికాలంలో. డిసెంబరు నుండి ఏప్రిల్ వరకు ఎండ, ఆగ్నేయపు గాలి. సంక్రాంతి వెళ్ళి రెండు రోజులు కూడా కాకుండా, 2000 జనవరి 16న కేప్ ద్వీపకల్పపు కొండలలో లేచిన నిప్పు వేల హెక్టార్లను కాల్చినది. అక్కడ భోగి నాడు ఇంటి ముందు దీపం పెట్టుకొని, పిల్లలకు రేగిపళ్ళు దొరకకపోతే ఏవో పళ్ళు పోసి పండుగ జరుపుకొంటే లోటు ఏమీ ఉండదు. నేటాల్ భోగికి కూడా ఒక మాట. పాత నైలాన్ చాపలు, ప్లాస్టిక్ కుర్చీలు మంటలో వేయవద్దు. ఆడవారు ఆ తెల్లవారుజామున పాలిస్టర్ చీర మాని నూలు చీర కట్టుకోవాలి. పాలిస్టర్ కాలేటప్పుడు కరిగి ఒంటికి అంటుకొంటుంది.

అనుమతి వచ్చినది, రంగు ఆకుపచ్చ, గాలి మెల్లగా ఉన్నది, పొరుగువారు వచ్చినారు. ఇప్పుడు పని. ఇల్లు కాలుతుంటే బావి త్రవ్వినట్లు నిప్పు పెట్టిన తరువాత నీళ్ళకు పరుగెత్తడం మనలో చాల ఇళ్ళలో జరిగేదే. నీళ్ళు ముందు రావాలి. పీపాలో నీళ్ళు, తడి గోనె సంచులు, వీపున మోసే స్ప్రేయరు, రబ్బరు పట్టీలు కొట్టిన కర్రలు, పారలు సిద్ధంగా ఉండాలి. స్ప్రేయరులో అంతకుముందు కలుపుమందు పోసి ఉంటే బాగా కడగాలి. కుప్ప ఒకటే పెద్దది వేయకుండా చిన్నవి వేసి, ఒకటి కాలిన తరువాత దానిలోకే మిగిలినది కొంచెం కొంచెంగా లాగి వేయడం క్షేమం. చుట్టూ నేల కనబడేటట్లు గీరి ఉంచాలి. పైన కొమ్మలు గాని తీగలు గాని ఉండరాదు. పచ్చి ఆకు వేస్తే పొగ తప్ప మంట రాదు, కనుక ముందు ఎండనివ్వాలి.

పెట్రోలు మాట ఎత్తవద్దు. తొందరగా అంటుకొంటుందని డబ్బాతో పోసేవారు దాని ఆవిరి గాలికంటె బరువైనదని, నేలబారుగా ప్రాకుతూ నిలబడిన మనిషి కాళ్ళ దాకా వస్తుందని ఎరుగరు. పోసి, డబ్బా మూత పెట్టి, అగ్గిపుల్ల గీసేలోగా ఆవిరి అంతా పరచుకొని ఉంటుంది. అప్పుడది మంట కాదు, పేలుడు. ఎండు కాగితం, ఎండు పుల్లలతో అంటుకోని కుప్ప కాల్చడానికి ఇంకా సిద్ధంగా లేదన్నమాట.

గడ్డి పట్టీని గాని చెరకు మడిని గాని కాల్చేటప్పుడు నిప్పు ఎక్కడ మొదలుపెడుతున్నామన్నదే ముఖ్యం. గాలి పోయే వైపు అంచున మొదట పెట్టాలి. అక్కడి నిప్పు గాలికి ఎదురుగా నెమ్మదిగా కాలుతూ వెనక్కు వస్తుంది, వెనుక నల్లని నేల మిగులుతుంది. ఆ నల్లనేల తగినంత వెడల్పు అయిన తరువాతనే ప్రక్కలకు, చివరగా గాలి వచ్చే వైపుకు నిప్పు పెట్టాలి. తొందరపడి గాలివాటున పెట్టినవాడు నిప్పును పొరుగువాని మీదికి తోలినట్లే. మడిని నాలుగు వైపులా చుట్టేముందు లోపల ఎవరూ లేరని పేరు పేరునా లెక్క చూసుకోవాలి. చెరకు లోపల నిద్రపోయే మనిషి ఉండవచ్చు, పిల్లవాడు ఉండవచ్చు, మేక ఉండవచ్చు. వరుసలలో ఒకసారి కేకవేస్తూ నడిచి రావడానికి పట్టే పది నిమిషాలు ఎవరూ తగ్గించుకోరాదు.

చెరకు మడిలో మరి రెండు జాగ్రత్తలు. విద్యుత్తు తీగల క్రింద కాల్చితే వేడీ పొగా గాలిని విద్యుత్తు ప్రవహించేటట్లు మారుస్తవి. తీగ నుండి తీగకు, ఒక్కొక్కసారి నేలకు కూడా మెరుపు దూకుతుంది. క్రింద ఉన్న మనిషి బ్రతకడు, ఊరికి కరెంటు పోతుంది. రోడ్డు ప్రక్కన కాల్చితే పొగ రోడ్డు మీద పడుకొంటుంది. ముఖ్యంగా చలికాలపు ఉదయాలలో నేల దగ్గర చల్లని గాలి, పైన వెచ్చని గాలి మూతపెట్టినట్లు నిలుస్తవి కనుక పొగ పైకి పోదు. ఉదయం గాలి తక్కువ, మంచు తడి ఉన్నది, కనుక నిప్పు మాట వింటుంది. అదే ఉదయం పొగ మాత్రం మాట వినదు. ఈ రెండింటికీ మధ్య సరియైన గడియ చూసుకోవడమే అనుభవం. జాతీయ రహదారి దగ్గరయితే ట్రాఫిక్కు వారికి ముందుగా చెప్పి, జెండా పట్టుకొన్న మనుషులను నిలబెట్టాలి. నల్లని మసి తీరపు ఊళ్ళ మీద మంచులాగా రాలి, ఆరవేసిన బట్టలు పాడవడం వల్ల వచ్చే తిట్లకు లెక్కలేదు.

అసలు కాల్చకుండా ఉండరాదా అని పట్టణంలోని చదువుకొన్న పిల్లలు అడుగుతున్నారు. సబబైన ప్రశ్నే. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లోని చెరకు పరిశోధన కేంద్రంలో 1939లో మొదలుపెట్టిన ఒక మడి పరీక్ష ఉన్నది. ఒక వైపు ప్రతి సంవత్సరం కాల్చి కోస్తారు, ఒక వైపు ఎండుటాకు నేల మీదనే కప్పి ఉంచుతారు. ఆకు కప్పిన నేలలో సారం పెరిగినది, తేమ నిలిచినది, ముఖ్యంగా వానలు తక్కువైన ఏళ్ళలో దిగుబడి మేలుగా ఉన్నదని అక్కడి ఫలితాలు చూపుతున్నవి. ఇంకొకవైపు కోసేవాని బాధ ఉన్నది. పచ్చి చెరకు ఆకు అంచు కత్తిలాగా ఒంటిని కోస్తుంది, పాము కనబడదు, ఒకరోజులో కోయగలిగిన టన్నులు తగ్గుతవి. టన్నుకు ఇంత అని కూలి ఇచ్చే పద్ధతి మారకుండా కాల్చడం మానమంటే ఆ నష్టమంతా కోతకూలీ భరించవలసి వస్తుంది. మన తాతలు ఆ కత్తి పట్టినవారే గదా. వాలు నేలల్లో, ఇసుక నేలల్లో మానడం మంచిదని, మానేవారు కూలి లెక్క కూడా మార్చాలని మా అభిప్రాయం. కాల్చిన చెరకు వెంటనే మిల్లుకు పోకపోతే పంచదార తగ్గిపోతుంది కనుక, మిల్లువారు లారీ ఇచ్చే తేదీ తెలియకుండా కాల్చడం ఏ విధంగానూ లాభం కాదు.

మంట పోయిన తరువాత అందరూ ఇళ్ళకు పోతారు. ఎక్కువ నిప్పులు దాటిపోయేది అప్పుడే. బూడిద క్రింద నిప్పు ఉంటుంది, యూకలిప్టస్ మొద్దు వేళ్ళలో అది రోజుల తరబడి నేల క్రింద ప్రాకి వేరొకచోట లేస్తుంది. నీళ్ళు పోయాలి, పారతో కలియబెట్టాలి, మళ్ళీ పోయాలి. చేతి వెనుక భాగం బూడిదకు దగ్గరగా పెట్టి వేడి తగులుతున్నదేమో చూడాలి. కుప్ప అంచుల నుండి కొన్ని మీటర్లు లోపలి వరకు పొగ లేదని తేలేదాకా ఒకరు కాపలా ఉండాలి, రాత్రి ఒకసారి, మరునాడు ఎండ ఎక్కిన తరువాత ఒకసారి వచ్చి చూడాలి. నిప్పు చేయి దాటిందని అనిపించిన క్షణాన పరువు చూసుకోకుండా 10177కు గాని, సెల్‌ఫోను నుండి 112కు గాని ఫోను చేయాలి. దారి, దగ్గరలోని పెద్ద గుర్తు, గాలి ఎటు వీస్తున్నదో చెప్పాలి, ఆ వెంటనే గాలి పోయే వైపున ఉన్న పొరుగువారికి కబురు పంపాలి. ఆ ఫోను నంబర్లు, పొరుగువారి నంబర్లు, సంఘంవారి నంబరు ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలలో వ్రాసి నీళ్ళ పీపాకు కట్టి ఉంచితే, పనివాడు ఒక్కడే ఉన్న రోజున కూడా అక్కరకు వస్తవి.